భాషా తరగతిలో ఆన్‌లైన్ టూల్స్ వాడడం ఎలా?

నేను భాష చెప్పే టీచర్‌ని. మొదటిసారి తరగతిలో ఆన్‌లైన్ క్విజ్ గేమ్ పెట్టిన రోజు బాగా గుర్తుంది. 25 ప్రశ్నలు, 20 నిమిషాలు. తెర మీద పేర్లు పైకీ కిందికీ మారుతుంటే పిల్లలు కుదురుగా కూర్చోలేకపోయారు. బెల్లు కొట్టాక కూడా ఇంకొక్క ఆట పెట్టమని బతిమాలారు. మర్నాడు అవే మాటల్లో పదింటిని బోర్డు మీద రాసి, ఒక్కోదానితో ఒక్కో వాక్యం రాయమన్నాను. సగం మంది నాలుగు వాక్యాలు దాటలేదు. ముందురోజు ఆ 20 నిమిషాల్లో వాళ్లు ఒక్క వాక్యమైనా కూర్చలేదని నాకు అప్పుడు తట్టింది. సరైన రంగు పెట్టెను గబుక్కున నొక్కడం మాత్రం బాగా సాధన చేశారు.

అప్పటి నుంచి ఏ టూల్ కంటపడినా ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను. దీన్ని వాడినంతసేపట్లో ఒక్కో విద్యార్థి ఆ భాషను ఎంతసేపు విన్నాడు, మాట్లాడాడు, చదివాడు, రాశాడు? కింద చెప్పే పద్ధతంతా ఆ ప్రశ్నను పట్టుకునే నడుస్తుంది. మీరు నేర్పేది తెలుగైనా, ఇంగ్లీషైనా, హిందీ అయినా, ఫ్రెంచ్ అయినా పనికొస్తుంది.

1. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో ముందు పట్టుకోండి

టూల్స్ కోసం వెతకడానికి ముందు ఒక వారం నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. ప్రతి పీరియడ్ అయ్యాక ఒక్క వాక్యం రాయండి: ఇవాళ పిల్లలు ఎక్కడ ఆగిపోయారు? "మాటలు వచ్చు, వాక్యం కట్టలేరు." "చదివితే అర్థమవుతుంది, వింటే అర్థం కాదు." "ఆరుగురు తప్ప ఎవరూ నోరు తెరవలేదు." "పోయిన వారం దిద్దిన తప్పులే మళ్లీ చేశారు." వారం తిరిగేసరికి రెండు మూడు వాక్యాలు ఒకే సంగతి చెబుతుంటాయి. మీరు వెతకాల్సిన టూల్ దానికోసమే.

రాసుకున్నది ఏ కోవకు వస్తుందో తేల్చుకోవడానికి న్యూజిలాండ్‌కు చెందిన భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ చెప్పిన నాలుగు పాయలు నాకు చాలా ఉపయోగపడ్డాయి. విషయం తెలుసుకోవడానికి వినడం, చదవడం మొదటిది. విషయం చెప్పడానికి మాట్లాడడం, రాయడం రెండోది. పదాలు, వ్యాకరణం, ఉచ్చారణ మీద నేరుగా దృష్టి పెట్టడం మూడోది. ఇప్పటికే వచ్చినదాన్ని తడుముకోకుండా ధారాళంగా వాడే సాధన నాలుగోది. ఒక కోర్సులో ఈ నాలుగింటికీ దాదాపు సమానంగా సమయం దక్కాలని ఆయన అంటారు.

ఆన్‌లైన్‌లో మనకు ఎదురయ్యే భాషా టూల్స్ ఎక్కువగా మూడో పాయకే చెందుతాయి. సరైన జవాబు ఒక్కటే ఉండే ప్రశ్నను కంప్యూటర్ తేలిగ్గా దిద్దగలదు కాబట్టి అలాంటివే ఎక్కువ తయారవుతాయి. అందుకే, చేతికందిన టూల్ పట్టుకుని మొదలుపెడితే తరగతి మొత్తం తెలియకుండానే అటు ఒరిగిపోతుంది.

2. చేతిలో ఏముందో లెక్క తీయండి

తరగతి గదిలో ఎన్ని ఫోన్లు లేదా కంప్యూటర్లు పనిచేస్తాయి? నెట్ ఒకేసారి ఎంతమందిని మోస్తుంది? ఇంట్లో వాడుకునే వీలు ఎందరికి ఉంది? ఈ చివరి ప్రశ్నకు చేతులెత్తించకండి. ఇంట్లో ఫోన్ లేదని ఒక పిల్లవాడు అందరి ముందూ చెప్పుకోవాల్సిన అవసరం లేదు. చీటీల మీద రాయించి తీసుకోండి.

పరికరాలు తక్కువని వెనక్కి తగ్గనక్కర్లేదు. ప్లికర్స్ అనే టూల్‌లో పిల్లల చేతిలో ఉండేది కాగితం కార్డులే. కార్డును ఏ వైపు తిప్పి పట్టుకుంటే అది వాళ్ల జవాబు. టీచర్ తన ఫోన్ కెమెరాతో గది అంతా ఒకసారి చూపిస్తే ఎవరి జవాబు ఏమిటో నమోదవుతుంది. నలుగురికి ఒక ఫోన్ ఉందనుకోండి, భాషా తరగతికి అది లోటు కాదు. ఒకరు టైపు చేస్తుంటే మిగతా ముగ్గురూ ఏం రాయాలో మాట్లాడి తేల్చుకోవాలి. ఆ మాటలు నేర్చుకుంటున్న భాషలోనే జరగాలన్నది ఒక్కటే షరతు. ఇంటిపనిగా ఇచ్చేటప్పుడు మాత్రం అదే పనిని కాగితం మీద చేసే దారి కూడా ఉంచండి, మార్కులు రెండింటికీ ఒకటే.

3. పనికి తగ్గ టూల్‌ని వెతకండి

మాటలు నిలవకపోతే

జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులను తనే బట్టీపట్టి, ఎంత త్వరగా మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. గంటలోనే సగానికి పైగా జారిపోయింది. మరిచిపోయే అంచున ఉండగా మళ్లీ గుర్తుచేసుకుంటే, తర్వాత మరింత ఎక్కువకాలం నిలుస్తుంది. దీన్ని ఆధారం చేసుకుని జర్మన్ సైన్స్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ 1970లలో కార్డుల పెట్టె పద్ధతి చెప్పాడు. జవాబు వచ్చిన కార్డు తర్వాతి అరలోకి వెళ్లి ఆలస్యంగా తిరిగొస్తుంది, రానిది మొదటి అరలోకే వస్తుంది. 2006లో వచ్చిన ఆంకీ అనే యాప్ ఆ పనిని తనే లెక్కవేసి చేస్తుంది. ఆంకీ అంటే జపనీస్‌లో కంఠస్థం చేయడం. కంప్యూటర్ మీదా ఆండ్రాయిడ్ ఫోన్ మీదా ఉచితం. క్విజ్‌లెట్ అనే కార్డుల సైట్‌ను 2005లో ఆండ్రూ సదర్లాండ్ అనే 15 ఏళ్ల అమెరికన్ విద్యార్థి తన ఫ్రెంచ్ పదాలు నేర్చుకోవడానికి తయారుచేసుకున్నాడు. చిన్నపిల్లలకు ఆంకీ కన్నా అది చప్పున అలవాటవుతుంది.

అసలు కిటుకు కార్డు రాయడంలో ఉంది. ఒకవైపు మాట, రెండోవైపు అర్థం పెడితే పిల్లలు జంటలను గుర్తుపడతారు, వాడకం రాదు. నేను కార్డు ముందువైపు ఖాళీ ఉన్న వాక్యం పెడతాను. "వాన పడేలా ఉంది, గొడుగు ____." వెనకవైపు "తీసుకెళ్లు", దాని కింద నా గొంతుతో మొత్తం వాక్యం. రోజుకు కొత్త కార్డులు ఎనిమిది మించనివ్వను, ఎందుకంటే పాతవి తిరిగొచ్చి కుప్పపడతాయి. రెండోవారం నుంచి కార్డులు పిల్లలతోనే రాయిస్తాను. వాక్యం తనది అయినప్పుడు ఆ మాట ఇంకా గట్టిగా పడుతుంది.

వింటే అర్థం కాకపోతే

ఒకే టీచర్ గొంతుకు అలవాటుపడిన చెవికి వేరే గొంతు కొత్త భాషలా వినిపిస్తుంది. 2008లో మొదలైన ఫోర్వో అనే సైట్‌లో ఆయా భాషలు మాట్లాడేవాళ్లు విడివిడి పదాలను పలికి పెట్టారు, ఒకే మాటను ఇద్దరు ముగ్గురు పలికినవి పక్కపక్కనే దొరుకుతాయి. యూగ్లిష్‌లో ఒక మాట టైపు చేస్తే యూట్యూబ్ వీడియోల్లో ఎవరు ఎక్కడ ఆ మాట అన్నారో అక్కడి నుంచే వినిపిస్తుంది, అయితే అది కొన్ని భాషలకే ఉంది. కాపీరైట్ కాలం తీరిన పుస్తకాలను స్వచ్ఛంద కార్యకర్తలు చదివి రికార్డు చేసినవి లిబ్రివాక్స్‌లో ఉంటాయి. నమూనా వాక్యాలు కావాలంటే టటోయెబా ఉంది. అక్కడ వాక్యాలు రాసేదీ స్వచ్ఛందంగానే కాబట్టి తరగతికి తెచ్చేముందు ఒక్కోటీ చదివి చూసుకోండి.

40 సెకన్ల ముక్క చాలు. మొదటిసారి ఏ కాగితమూ లేకుండా వినిపించి, ఏం జరుగుతోందని అడగండి. రెండోసారి రెండు ప్రశ్నలిచ్చి వినిపించండి. మూడోసారి విన్న మాటల రాత ముందు పెట్టి, తమ చెవికి అందనిచోట గీత గీయమనండి. ఆ గీతలు మీకు పాఠం రాసిపెడతాయి. ల, ళ తేడా పట్టుకోలేనివాళ్లకు "కల" "కళ" లాంటి జంటలు రికార్డు చేసి, విన్నది ఏదో గుర్తించమనండి. ఇలాంటి అభ్యాసాలు, డిక్టేషన్లు, మధ్యలో ఆగి ప్రశ్న అడిగే వీడియోలు తయారుచేయడానికి హెచ్‌5పీ అనే టూల్ చాలా బాగుంటుంది. ఉచితం, కోర్సులు నడిపే మూడిల్‌లోనూ, వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్‌లోనూ ఇమిడిపోతుంది.

నోరు తెరవకపోతే

నేను ఎక్కువ కాలం పట్టించుకోనిది, ఇప్పుడు అన్నిటికన్నా ముందు పట్టించుకునేది ఇదే. 40 మంది ఉన్న తరగతి, 45 నిమిషాల పీరియడ్. నేను పెదవి కదపకుండా అందరికీ వంతులవారీగా అవకాశం ఇచ్చినా ఒక్కొక్కరికి నిమిషం పైచిలుకే దక్కుతుంది. అదే ప్రతి ఒక్కరూ రెండు నిమిషాలు రికార్డు చేసి పంపితే ఒక్క సాయంత్రంలో 80 నిమిషాల మాట పుడుతుంది.

దీనికి ప్రత్యేకమైన టూల్ అక్కర్లేదు. ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్ చాలు. లాగిన్ గొడవ లేకుండా రికార్డు చేసి లింక్ పంపాలంటే వొకారూ ఉంది, కాకపోతే అందులో రికార్డింగులు శాశ్వతంగా ఉండవు, కావలసినవి డౌన్‌లోడ్ చేసుకోవాలి. మీరు వినిపించే ఆడియోను కత్తిరించి సరిచేసుకోవడానికి ఆడాసిటీ ఉచితం.

ఒకమ్మాయి తరగతిలో పిలిస్తే లేచి నిలబడి పుస్తకం అంచు నలుపుతూ ఉండేది. ఆమె పంపిన మొదటి రికార్డింగ్ 50 సెకన్లు. అందులో ఒకచోట "కలాకారుడు" అని, ఒక్క క్షణం ఆగి, వెనక్కి వెళ్లి "కళాకారుడు" అని సరిచేసుకుని ముందుకెళ్లింది. ఎన్నిసార్లు రికార్డు చేశావమ్మా అని అడిగితే ఏడుసార్లు అంది. ముందు ఆరూ చెరిపేసిందట. నేను విన్నది 50 సెకన్లే, ఆమె నోరు తిరిగింది దాదాపు ఆరు నిమిషాలు. మళ్లీ రికార్డు చేసే బటన్ లేని టూల్‌ని నేనిక భాషా తరగతికి తీసుకోవడం లేదు.

80 నిమిషాల ఆడియో మొత్తం టీచర్ వినాలంటే కుదరదు, అలా పెట్టుకుంటే రెండోవారానికే విసుగొస్తుంది. వారానికి పది మందివి శ్రద్ధగా వినండి. నాలుగు వారాల్లో 40 మందికీ మీ మాట అందుతుంది. మిగతావాళ్లు జతలుగా ఒకరిది ఒకరు విని, అందులోంచి తమకు కొత్తగా తెలిసిన విషయం ఒక్క వాక్యంలో రాయాలి. మీరు స్పందించేటప్పుడు బాగున్నది ఒకటి, దిద్దుకోవాల్సింది ఒకటి చెప్పండి. ఆ దిద్దుకోవాల్సిన వాక్యాన్ని మాత్రమే మళ్లీ రికార్డు చేయించండి.

ధారాళంగా రావడానికి 4/3/2 అనే పాత పద్ధతి రికార్డింగ్‌తో చక్కగా కలుస్తుంది. ఒకే సంగతిని మొదట ఒకరికి నాలుగు నిమిషాల్లో, తర్వాత మరొకరికి మూడు నిమిషాల్లో, ఆ తర్వాత ఇంకొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. మొదటిదీ చివరిదీ రికార్డు చేసి, రెండూ వినమనండి. ఎక్కడ తడబాటు తగ్గిందో పిల్లలే చెబుతారు. చిన్న తరగతులకైతే నిమిషాలు సగానికి తగ్గించండి.

రాత దగ్గర ఆగిపోతే

గూగుల్ డాక్స్ లాంటి షేర్డ్ డాక్యుమెంట్ చాలు. నలుగురు కలిసి ఒక పేరా రాస్తారు, మీరు పక్కన కామెంట్ పెడతారు. తప్పును మీరే దిద్దేయకండి. ఆ మాట మీద రంగు వేసి "కాలం చూడు", "ఎవరు చేశారు?" అని మాత్రం రాయండి. వెర్షన్ హిస్టరీ తెరిస్తే పేరా మొదట ఎలా ఉండేది, ఎక్కడ మారింది అన్నీ కనిపిస్తాయి. నేను మార్కుల్లో కొంత భాగాన్ని ఆ మార్పులకే ఇస్తాను. రెండు మూడు వాక్యాల చిన్న రాతలను అందరూ చూసేలా పెట్టడానికి ప్యాడ్‌లెట్ అనే ఆన్‌లైన్ గోడ బాగుంటుంది. మీరు ఆమోదించాకే కనిపించేలా సెట్టింగ్ ముందే మార్చుకోండి.

క్విజ్‌ల మాట

నార్వేలో పుట్టి 2013లో వచ్చిన కహూట్ అనే క్విజ్ గేమ్, ఆ కోవలోని మిగతావీ తరగతిని లేపి కూర్చోబెడతాయి, కాదనను. కానీ వేగానికి పాయింట్లు ఇచ్చేచోట ఆలోచించి చెప్పే పిల్లలు వెనకబడతారు. అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా ముందుకొచ్చారు. అందుకని టైమర్ పెంచండి, వీలైతే వేగానికి పాయింట్లు తీసేయండి. ప్రతి ఐదు ప్రశ్నలకూ ఒకసారి ఆపి, "ఇప్పుడొచ్చిన మాటతో పక్కవాడికి ఒక వాక్యం చెప్పు" అనండి. మొదటి రోజు నేను చేయనిది అదే.

ఏఐ, అనువాద యంత్రాలు

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి టీచర్ల గదుల్లో ఇదే చర్చ. నాకు ఇది ముడిసరుకు ఇచ్చే సహాయకుడిగా పనికొస్తోంది. ఇప్పటిదాకా చెప్పిన 30 మాటలు ఇచ్చి, వాటితోనే పది చిన్న వాక్యాలు రాయమంటాను. వచ్చినవాటిలో సగం కొట్టేసి, మిగతావి సరిచేసి వాడతాను. తెలుగులో అయితే క్రియ కర్తతో పొసగకపోవడం, పుస్తకాల భాష, మాట్లాడే భాష ఒకే వాక్యంలో కలిసిపోవడం తరచూ కనబడతాయి. అందుకే ప్రతి వాక్యాన్నీ పైకి చదివి చూశాకే పిల్లలకిస్తాను.

పిల్లలు అనువాద యంత్రం వాడతారు, ఆపలేం. ఆ పనిని తరగతిలోకే తెచ్చేయండి. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు" లాంటి సామెత ఒకటి యంత్రానికిచ్చి, వచ్చిన అనువాదాన్ని తెర మీద పెట్టి, ఏది సరిగ్గా వచ్చింది, ఏది పోయింది, మీరైతే ఎలా చెబుతారు అని అడగండి. నా తరగతిలో ఎప్పుడూ పీరియడ్ సరిపోని పని ఇదొక్కటే.

4. విద్యార్థిగా మారి మీరే ఒకసారి వాడి చూడండి

టీచర్ ఖాతాలోంచి చూస్తే అన్నీ సాఫీగానే కనిపిస్తాయి. ఇంకో ఫోన్ తీసుకుని, లాగిన్ లేకుండా, పిల్లలకు పంపే లింక్‌తోనే లోపలికి వెళ్లండి. ఎన్నిసార్లు నొక్కితే పని మొదలైంది? మధ్యలో ప్రకటనలు వచ్చాయా? నెట్ పోయి తిరిగొస్తే రాసింది ఉందా? కావాలని తప్పు జవాబు ఇవ్వండి. టూల్ "తప్పు" అని ఊరుకుందా, ఎందుకు తప్పో చెప్పే చోటు ఉందా?

భాషా టీచర్ తప్పకుండా చూడాల్సింది లిపి. ఒత్తులు, గుణింతాలు విడిపోతున్నాయేమో, పదాల ఆటల్లో అక్షరం మధ్యలో విరిగిపోతోందేమో చూడండి. నేను ఒక ఆన్‌లైన్ పరీక్షలో "బస్" అని జవాబు పెట్టాను. ఒక అబ్బాయి కూడా "బస్" అనే రాశాడు, తప్పు పడింది. రెండూ పక్కపక్కన పెట్టి ఎంత చూసినా తేడా కనిపించలేదు. చివరికి తేలిందేమిటంటే, నేను టైపు చేసిన పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది. అక్షరాలు కలిసిపోకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి. అతని కీబోర్డు పెట్టలేదు. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఆ అబ్బాయి తన స్పెల్లింగ్ మీద నమ్మకం పోగొట్టుకుని, నాలుగుసార్లు మార్చి మార్చి రాశాడు.

అప్పటినుంచి టైపు చేసే జవాబులకు రెండు జాగ్రత్తలు తీసుకుంటున్నాను. గూగుల్ ఫామ్స్‌లో ఒక ప్రశ్నకు ఎన్ని సరైన రూపాలైనా చేర్చవచ్చు కాబట్టి "పుస్తకం", "పుస్తకము" రెండూ పెడతాను. యంత్రం తప్పన్న జవాబులను మార్కులు వెల్లడించే ముందు నేనొకసారి చూస్తాను.

5. ఖాతాలు, పేర్లు

పేరు, పుట్టిన తేదీ, ఈమెయిల్ అడగని టూల్ దొరికితే దానికే మొదటి ఓటు వేయండి. 13 ఏళ్లలోపు పిల్లలకు చాలా సైట్లు సొంత ఖాతా ఇవ్వవు. అమెరికాలో 1998లో పిల్లల ఆన్‌లైన్ గోప్యత కోసం చేసిన చట్టం దీనికి మూలం. నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ బడి అనుమతి, తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి. పూర్తి పేర్ల బదులు సంఖ్యలు గానీ, పిల్లలు ఎంచుకున్న మారుపేర్లు గానీ వాడండి. పిల్లల గొంతు కూడా వ్యక్తిగత సమాచారమే. రికార్డింగుల లింకులు తరగతి దాటి వెళ్లకుండా చూడండి. ఏఐ టూల్‌లో పిల్లల రాత అతికించేముందు పేర్లు తీసేయండి.

6. మొదటి రోజు తెలిసిన పాఠంతోనే మొదలుపెట్టండి

కొత్త టూల్‌నీ కొత్త పాఠాన్నీ ఒకే రోజు పెట్టకండి. పిల్లలు ఆగిపోతే భాష కష్టమై ఆగారో, బటన్ దొరక్క ఆగారో మీకు తెలియదు. పోయిన నెల పూర్తయిన పాఠం తీసుకోండి, పది నిమిషాలకు మించి వాడకండి.

నొక్కు, లాగు, వెనక్కి వెళ్లు, మళ్లీ విను, పంపు. తెర మీద పనికి కావలసిన ఈ క్రియలను నేర్పే భాషలోనే బోర్డు మీద రాయండి. ఆ పది నిమిషాలూ పిల్లలు వాటిని నిజంగా వాడతారు. "టీచర్, నాది తెరుచుకోవడం లేదు" అనే మాట కూడా అదే భాషలో అడగడం నేర్పండి. ఎవరూ మరిచిపోని వాక్యం అది.

నెట్ పోతే వాడడానికి అదే అభ్యాసం కాగితం మీద సిద్ధంగా ఉంచుకోండి. అది చేతిలో ఉంటే మీకు టెన్షన్ ఉండదు, ఆ నెమ్మది పిల్లలకూ అంటుతుంది. పది నిమిషాలు అయ్యాక తెరలు మూయించి, ఐదు నిమిషాలు ఇప్పుడు చేసినదాని గురించే మాట్లాడించండి.

7. నాలుగు వారాలు వాడి, తేల్చండి

మొదలుపెట్టే రోజు ప్రతి విద్యార్థి దగ్గరా ఒక నమూనా తీసుకోండి. సమస్య మాట్లాడడంలో ఉంటే ఒక నిమిషం రికార్డింగ్, రాతలో ఉంటే ఐదు వాక్యాలు. నాలుగు వారాల తర్వాత అలాంటి ప్రశ్నే ఇచ్చి ఇంకోటి తీసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి, మీరు మొదటి వారం నోట్‌బుక్‌లో రాసుకున్న ఇబ్బంది ఒక్కదాన్నే చూడండి. ఎన్ని మాటలు వచ్చాయి, ఎన్నిచోట్ల ఆగారు, ఆ తప్పు ఎన్నిసార్లు పడింది. మార్కులు అక్కర్లేదు.

మీ సమయాన్ని కూడా లెక్కలో వేయండి. రెండు గంటలు కూర్చుని తయారుచేసింది తరగతిలో పది నిమిషాల్లో అయిపోయి, మళ్లీ వాడడానికి పనికిరాదంటే ఆ టూల్ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. పిల్లలనూ అడగండి. "నచ్చిందా?" అని అడిగితే అందరూ నచ్చిందనే అంటారు. "దీనితో నీకు కొత్తగా ఏం చెప్పడం వచ్చింది?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

ఒకసారికి ఒక్క టూల్. ఏడాదిలో రెండో మూడో తరగతిలో కుదురుకుంటే అది మంచి ఏడాదే.

8. మీ సరుకు మీ దగ్గరే ఉంచుకోండి

2020 చివరి రోజుతో అడోబీ ఫ్లాష్ ఆగిపోయి, దానిమీద నడిచిన బోలెడు భాషా ఆటలు మూగబోయాయి. 2022లో, తరగతులు నడపడానికి టీచర్లు వాడిన ఎడ్‌మోడో మూతపడింది. పిల్లల వీడియో జవాబుల కోసం ఎందరో టీచర్లు వాడిన ఫ్లిప్ 2024లో విడి యాప్‌గా లేకుండా పోయింది. అదే ఏడాది ఆఖరున ఆన్‌లైన్ బోర్డులా వాడుకునే గూగుల్ జామ్‌బోర్డ్ ఆగింది. నేను కూడా మూడేళ్లపాటు ఒక సైట్‌లో పోగుచేసిన వినికిడి ప్రశ్నలు పోగొట్టుకున్నాను. మూసేస్తున్నామన్న ఈమెయిల్ సెలవుల్లో వచ్చింది, నేను చూసేసరికి గడువు దాటింది. ఆడియో ఫైళ్లు నా కంప్యూటర్‌లో ఉన్నాయి కాబట్టి అవి మిగిలాయి. వాటికి రాసిన ప్రశ్నలన్నీ పోయాయి.

ఇప్పుడు ప్రశ్నలు, మాటలు ఏవైనా మొదట ఒక మామూలు స్ప్రెడ్‌షీట్‌లో రాస్తాను. ఒక వరసలో మాట, తర్వాతి వరసల్లో ఖాళీ ఉన్న వాక్యం, జవాబు, ఒప్పుకోదగ్గ ఇతర రూపాలు, ఆడియో ఫైలు పేరు, ఏ పాఠంలోది అన్నవి. అక్కడి నుంచి ఆంకీకో క్విజ్‌లెట్‌కో ఎక్కించడానికి రెండు నిమిషాలు పడుతుంది. రేపు ఇంకో టూల్ వచ్చినా అదే షీట్ పనికొస్తుంది. హెచ్‌5పీలో చేసిన అభ్యాసాలను ఫైలుగా దించుకోవచ్చు. ఆడియోలకు "పాఠం7_కల_కళ" లాంటి పేర్లు పెట్టండి, ఆర్నెల్ల తర్వాత వెతుక్కునేది మీరే. బొమ్మలు, ఆడియోలు బయటి నుంచి తెస్తే ఇతరులు వాడుకోవడానికి యజమాని అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉన్నవే తీసుకుని, ఎవరివో అదే షీట్‌లో ఒక వరసలో రాయండి. పిల్లల రికార్డింగులు మాత్రం ఏడాది చివర వాళ్లకే ఇచ్చేసి, మీ దగ్గరివి తీసేయండి.

షీట్ మొదలుపెట్టడానికి ఈ వారం పాఠంలో వచ్చిన పది మాటలు చాలు.